పేక తప్పిన గుండె

షెడ్డు వెనక గది

అక్కా,

ముందు నేరం చెబుతాను, నేరస్థుడి సంగతి తర్వాత. ఒక మనిషి గుండె మాటిమాటికీ లయ తప్పుతోందని మొత్తుకుంటుంటే, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఏమీ లేదు, వెళ్లు" అనడం నేరం. ఆ నేరం చేసింది మా మగ్గాల షెడ్డుకు వారానికోసారి వచ్చే డాక్టరు. ఆయనకు జీతమిచ్చేది మా యజమాని. ఇక ఇందులో నీకు విడమర్చి చెప్పాల్సిందేమీ లేదనుకుంటాను.

ఫోను చేద్దామనుకున్నాను గానీ, నాకు వినపడదు, నువ్వు అరుస్తావు, నేను అంతకన్నా అరుస్తాను, చివరికి ఇద్దరం తిట్టుకుని పెట్టేస్తాం. మరమగ్గాల మధ్య బతికేవాడి చెవులింతే. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

కొత్త మగ్గాలు వచ్చిన దగ్గర్నుంచి నా గుండె పేక తప్పుతోంది. నీకు మగ్గం తెలియదు కాబట్టి చెబుతున్నాను. నిలువుగా పరిచిన దారాలు పడుగు. వాటి మధ్యలోంచి నాడె అడ్డంగా లాక్కెళ్లే దారం పేక. నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ పోతూనే ఉంటుంది. ఎక్కడైనా పేక తప్పితే ఆ చప్పుడులో ఒక గుంట పడుతుంది. మగ్గం మీద పనిచేసేవాడు పక్కవాడితో తగువాడుతున్నా సరే, ఆ గుంట వింటాడు. వినగానే మగ్గం ఆపేయాలి. ఆపకపోతే బట్టకు అడ్డంగా చార పడుతుంది, నేసిన బట్ట తానంతా పాడవుతుంది. మాకు నేర్పే మొదటి పాఠం ఇదే.

ఇప్పుడు నా ఛాతీలో అదే వినిపిస్తోంది. బాగానే కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉన్నట్టుండి ఒక గుంట. తర్వాత లోపల ఎవరో తలుపు మీద పిడికిలితో గుద్దినట్టు ఒక పెద్ద దెబ్బ. మళ్లీ మామూలే. నేను వెంటనే పని ఆపి, మణికట్టు పట్టుకుని నిలబడిపోతాను. మేస్త్రీ దూరం నుంచి చేతులూపుతాడు. ఊపుకోనీ. వాడి తానుకన్నా నా గుండె చవకా?

నేను చదివిన కరపత్రాల్లో స్పష్టంగా ఉంది. యంత్రం వేగం పెంచినప్పుడల్లా ఆ వేగాన్ని మోసేది మనిషి శరీరమే. ఈ మగ్గాలు మన గుండెల్ని తమ లయలోకి లాక్కుంటున్నాయి. ఇది నేను రాయబోతున్నాను. అచ్చువేయించి షెడ్డంతా పంచబోతున్నాను. నన్నిక్కడ అందరూ "కరపత్రం" అని పిలుస్తున్నారు కదా, ఆ పేరు నిలబెట్టుకుంటాను.

ఒక్క మాట అడుగుతాను, దాటేయకు. నాన్న పోయేటప్పుడు నేను చిన్నవాణ్ణి. నాన్నది గుండేనా?

నీ తమ్ముడు


లిఫ్టులో, స్టూలు మీద నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం కింది అంతస్తులో విప్పి, పైకీ కిందికీ లిఫ్టు నడుపుతూ నడుపుతూ పూర్తిచేశాను. మధ్యలో ఒక పెద్దాయన నా భుజం మీదుగా చదువుతూ తన అంతస్తు దాటిపోయినా దిగలేదు. "తమ్ముడా అమ్మా? భలే కోపిష్టిలా ఉన్నాడే" అన్నాడు. అప్పుడే నీకు పాఠకులు దొరుకుతున్నారు, సంతోషించు.

డాక్టరు ఏమన్నాడో రాశావు. ఏం చేశాడో రాయలేదు. ఛాతీకి తీగలు పెట్టి కాగితం మీద గీత తీశాడా? రోజంతా ఒంటి మీద పెట్టుకునే పెట్టె ఇచ్చాడా? రక్తం తీశాడా? ఇవన్నీ చేశాక "ఏమీ లేదు" అన్నాడా, చెయ్యకుండానే అన్నాడా? నాకు తెలిసిన తమ్ముడు తనకు అక్కరకు రాని సంగతులు పెద్దగా రాయడు.

రోజుకు ఎన్ని టీలు తాగుతున్నావు? నిద్ర పడుతోందా? పగటి పని ఒక వారం, రాత్రి పని ఒక వారం అని పోయినసారి అన్నావు. అలాంటి వారాల తర్వాత ఎవరి గుండె అయినా కాస్త గునుస్తుంది. అందులో చరిత్ర ఏమీ లేదు.

పని చేస్తుండగా ఛాతీలో నొప్పి పట్టేస్తేనో, కళ్లు తిరిగి పడిపోతేనో వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. అలాంటిదేమీ లేకపోతే మణికట్టు వదిలేయ్. అదేమన్నా పారిపోతుందా, పట్టుకుని కూర్చున్నావు? నువ్వు పట్టుకున్నకొద్దీ అది నీకు వినిపిస్తూనే ఉంటుంది.

కరపత్రం అచ్చువేయించే ముందు నాకు పంపు.

ఎవరో గంట కొడుతున్నారు. పైకి వెళ్లాలి.

అక్క


షెడ్డు వెనక గది

అక్కా,

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. గీత తీశాడు. పెట్టె ఇచ్చాడు, ఒక పగలూ ఒక రాత్రీ దాన్ని మెడకు తగిలించుకుని తిరిగాను. రక్తం తీశాడు. ఛాతీ మీద ఏదో జిగురు పూసి తెర మీద గుండెను కూడా చూపించాడు. చేప నోరు తెరుస్తూ మూస్తున్నట్టుంది. అన్నీ సవ్యంగానే ఉన్నాయన్నాడు. "అప్పుడప్పుడూ ఒక దెబ్బ తొందరపడి ముందే పడుతోంది. తర్వాత కాస్త విరామం. ఆ తర్వాతది గట్టిగా తెలుస్తుంది. చాలామందికి ఉంటుంది, చాలామంది గమనించరు. ప్రమాదం లేదు" అన్నాడు. నేను నమ్మలేదు. ఊళ్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లి ఇంకో డాక్టరుకు చూపించాను. ఆవిడా అదే పాట పాడింది. ఇద్దరూ ఒకే పుస్తకం చదివి ఉంటారు.

కానీ అక్కా, గుండె బాగుందని యంత్రం చెబితే నమ్మాలా? బాగాలేదని గుండే చెబుతుంటే నమ్మకూడదా?

కరపత్రం నీకు పంపలేదు, కోపం తెచ్చుకోకు. పంపితే నువ్వు ఆపేదానివి. అచ్చయింది, పంచేశాను కూడా. శీర్షిక "ఈ మగ్గాలు మన గుండెల్ని తింటున్నాయి". నా సంగతే ఉదాహరణగా రాశాను. పరీక్షల సంగతి రాయలేదు. రాస్తే యజమాని దానితోనే నోరు మూయిస్తాడు.

ఫలితం నువ్వు చూడాల్సింది. మరునాడు షెడ్డులో సగంమంది మణికట్టు మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు. నాడెల్లో పెట్టే దారం కండెలు చుట్టే ఒక పెద్దావిడ ఉంది, మేమంతా కండెలత్త అంటాం, నోరు విప్పితే మగ్గాలకన్నా గట్టిగా వినపడుతుంది. ఆవిడ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపి "ఏరా కరపత్రం, చూడు. నాదీ ఎగురుతోందిరా. నువ్వు రాసేదాకా నాకు తెలియనే తెలియదు" అంది. పట్టుకుని చూశాను. నిజమే, ఒకచోట తప్పింది. ఇప్పుడు గుండె తప్పిన ప్రతివాడూ మగ్గం ఆపేస్తున్నాడు. ఒకటి ఆగుతుంది, ఇంకోటి మొదలవుతుంది, మూడోది ఆగుతుంది. మేస్త్రీ పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడి, చివరికి తనూ ఛాతీ పట్టుకున్నాడు. నేను చదివిన ఏ కరపత్రమూ ఇంత పని చేసి ఉండదు.

నాన్న సంగతి అడిగితే నువ్వు జవాబు చెప్పలేదు. పైకీ కిందికీ తిరిగే పెట్టెలో స్టూలు వేసుకుని కూర్చునేదానికి గుండె గురించి ఏం తెలుస్తుందిలే. మీటలు నొక్కుకో.

తమ్ముడు


లిఫ్టు పక్క గది

ఒరేయ్,

ఇది లిఫ్టులో రాయడం లేదు. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కాపలా ఆయనతో అబద్ధం చెప్పి, చీపుళ్లు పెట్టే గదిలో కూర్చున్నాను. లేని చెల్లెలికి జబ్బు తెప్పించాల్సి వచ్చింది నీ మూలంగా.

నాన్నది గుండె కాదు. ఊపిరితిత్తులు. కొయ్యమిల్లులో అన్నేళ్లు రంపపు పొట్టు పీల్చాడు. చివరి ఏడాదంతా దగ్గుతూనే ఉన్నాడు. నీకది గుర్తు లేదు, ఎందుకంటే నిన్ను పిన్ని వాళ్లింటికి పంపేశారు. ఆ రోజు ఎవరో వచ్చి చూసి "గుండె ఆగిపోయింది" అన్నారు. ఎవరు పోయినా చివరికి ఆగేది గుండే కదా. ఆ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. నేను కూడా దాన్ని చాలాకాలం మోశాను.

నీకున్నదే నాకూ ఉంది. నువ్వు బడికి వెళ్లే రోజుల నుంచీ ఉంది. ఆ గుంట, ఆ గుద్దు, అంతా అదే. నాకూ గీతలు తీశారు, పెట్టె తగిలించారు, "ఏమీ లేదమ్మా" అన్నారు. చెప్పకూడనిదేదో దాస్తున్నారనుకున్నాను. నువ్వు డాక్టర్ని యజమాని మనిషి అనుకున్నావు, నేను నన్ను జాలిపడి వదిలేశారనుకున్నాను. తేడా అంతే.

అప్పట్లో నేను కుట్టు నేర్పేదాన్ని, నీకు గుర్తుండాలి. ఆ పని నాకు చాలా ఇష్టం. అది మూడో అంతస్తులో. ఒకరోజు మెట్లు ఎక్కుతుంటే రెండుసార్లు తప్పింది. మెట్టు మీదే కూర్చున్నాను. మర్నాడు ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి అది తప్పకముందే కూర్చున్నాను. తర్వాత కొన్నాళ్లు కింద గదిలో పాఠాలు చెప్పాను. తర్వాత మానేశాను. లిఫ్టులో మనిషి కావాలని ప్రకటన చూడగానే, ఇక ఎప్పటికీ మెట్లు ఎక్కక్కర్లేని ఉద్యోగం ఇదేనని చేరాను. జీతం చూసి కాదు, ఏమీ చూసి కాదు. అమ్మకు మాత్రం కంటిచూపు తగ్గి సూది ఎక్కించలేకపోతున్నానని చెప్పాను.

కరెంటు పోయినప్పుడు అందరూ మెట్ల మీదుగా పోతారు. నేను కిందే కూర్చుంటాను. "కాలు బెణికింది" అంటాను. ఇక్కడ అందరూ నా కాలికి శాశ్వతంగా ఏదో లోపముందనుకుంటున్నారు. లిఫ్టు బాగుచేసేవాడు ఒకసారి మందునూనె కూడా తెచ్చిచ్చాడు.

ఇప్పుడు నువ్వు చేసింది చెబుతాను. నీ భయాన్ని నువ్వు అచ్చువేయించావు. నేను నా భయాన్ని ఒక పెట్టెలో పెట్టుకుని పైకీ కిందికీ తిప్పుతున్నాను, నువ్వు నీదాన్ని షెడ్డంతా పంచావు. కండెలత్త నువ్వు రాసేదాకా తనకు తెలియనే తెలియదంది. ఆ మాటను నువ్వు గొప్పగా రాశావు. మళ్లీ చదువుకో.

పరీక్షల సంగతి దాచావు. అది నాకు నచ్చలేదు.

అక్క


షెడ్డు వెనక గది

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మొదట చించేద్దామనుకున్నాను. తర్వాత జరిగినవి జరిగాయి. వరసగా చెబుతాను.

యజమాని నా కరపత్రాన్ని గేటు పక్క గోడకు అంటించాడు. తిట్లేమీ రాయలేదు. కింద టైపు చేసిన నాలుగు మాటలు మాత్రం ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నట్టు స్వయంగా చెప్పుకుంటున్నవారిని మగ్గాల దగ్గర ఉంచడం ప్రమాదం కాబట్టి, వారి క్షేమం కోరి ఈ రోజు నుంచి పనిలోకి రానివ్వడం లేదు. పని ఆపి మణికట్టు పట్టుకున్నవాళ్లను మేస్త్రీ గుర్తుపెట్టుకున్నాడు. వాళ్లందర్నీ గేటు బయట నిలబెట్టారు. కండెలత్త ఉంది. నేనూ ఉన్నాను. ఒళ్లొంచి పనిచేసేవాళ్లే ఎక్కువమంది ఉన్నారు.

మేస్త్రీ గేటు లోపలి నుంచి "ఏం కరపత్రం, నీ కాగితం భలే పనిచేసిందయ్యా. మనుషుల్ని తీసేసే పని మాకు లేకుండా నువ్వే చేసిపెట్టావు" అన్నాడు.

కండెలత్త నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నా కొడుకు అడుగుతున్నాడురా, అమ్మా నీ గుండె ఎప్పుడు ఆగుతుంది అని. ఏం చెప్పమంటావు?" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

యజమానితో తేల్చుకుంటానని అందరి ముందూ అన్నాను. ఆయన గది షెడ్డుకు ఆనుకున్న కట్టడంలో పై అంతస్తులో ఉంటుంది, ఇనుప మెట్లు బయట నుంచే ఉంటాయి. కోపంగా ఎక్కడం మొదలుపెట్టాను. సగంలో తప్పింది. వెంటనే ఇంకోసారి. నా ప్రమేయం లేకుండానే మెట్టు మీద కూర్చుండిపోయాను, వేలు మణికట్టు మీదికి పోయింది. కింద మావాళ్లంతా తల పైకెత్తి చూస్తున్నారు. యజమాని తలుపు తీసుకుని బయటికొచ్చాడు. నా వైపు చూసి, వాళ్ల వైపు చూసి, "ఇంతకన్నా రుజువు ఏం కావాలయ్యా? పాపం, ఎవరైనా మంచినీళ్లివ్వండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నీళ్లు కూడా తెప్పించాడు. నేను తాగాను.

నువ్వు రాసింది అక్కడ కూర్చునే గుర్తొచ్చింది. కుట్టు పాఠాలు, మెట్టు, అన్నీ.

అక్కణ్నుంచి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎంత సిగ్గయిందో రాయను. ఆయన నన్ను చూసి నవ్వాడు.

"నీలో ఏమీ లేదంటే నేను అమ్ముడుపోయానన్నావు. ఇప్పుడు ఏమీ లేదని రాసివ్వమంటున్నావు. అంతేనా?"

"అంతే."

"రాసిస్తాను. నిన్ను చూశాను కాబట్టి నీకు రాస్తాను. మిగతావాళ్లను ఒక్కొక్కరినీ పంపు, చూసి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరికైనా నిజంగా ఏదైనా ఉంటే అదీ రాస్తాను. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను. మీకు జీతమిచ్చేది ఆయన కదా?"

"ఆయనే. గీత మాత్రం ఆయన గీయడు."

చాలా మంది వెళ్లారు. కొందరికి నాలాగే అప్పుడప్పుడూ తొందరపడే దెబ్బలు, కొందరికి అవీ లేవు. కండెలత్తకు రక్తపోటు కాస్త ఎక్కువ, దానికి మాత్ర రాశాడు, పని మానక్కర్లేదన్నాడు. నాకు ఇంకోటి కూడా చెప్పాడు. "మగ్గాల మీద అంత కోపముంటే, అవి గుండెను తింటున్నాయని రాయకు. వారానికోసారి పగలు రాత్రి, రాత్రి పగలు చేసి మీ నిద్ర తింటున్నాయని రాయి. అది నిజం. నిద్ర లేనివాడు టీ తాగుతాడు, టీ తాగినవాడికి గుండె ఎగురుతుంది, ఎగిరితే భయం, భయపడితే నిద్ర రాదు."

ఇంత తేలికైన నిజం నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. పెద్ద నేరం కోసం వెతుకుతున్నానేమో.

ఆ కాగితాలు తీసుకెళ్లి మేస్త్రీకి ఇచ్చాం. పైకి పంపించాడు. "కాగితం ఎవరైనా రాస్తారు. సగం మెట్లెక్కి కూలబడ్డవాణ్ణి అందరూ చూశారు" అని కబురొచ్చింది. అక్కడే ఆగింది. వాళ్లందరూ ఇప్పుడు నా ముఖం చూస్తున్నారు. ఆ మెట్లు మళ్లీ ఎక్కగలనో లేదో నాకు తెలియదు. ఏం చేయమంటావు?

తమ్ముడు


మెట్ల మొదట్లో, స్టూలు తెచ్చుకుని

తమ్ముడూ,

ఏం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు. నేను ఏం చేశానో చెబుతాను.

నిన్న మధ్యాహ్నం జనం పలచబడ్డాక లిఫ్టు తలుపు వేసి, ఈ కట్టడపు మెట్లు ఎక్కాను. ఇన్నేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను, ఒక్క అంతస్తు కూడా ఎక్కినదాన్ని కాదు. మొదటి మలుపులో విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. గోడ మీద ఎవరో పెన్సిలుతో లెక్కలు వేసుకున్నారు. ఒక కిటికీ ఉంది, దాంట్లోంచి పక్క వీధిలో బట్టలు ఇస్త్రీ చేసేవాడు కనిపిస్తాడు. ఇవన్నీ నాకు కొత్త.

రెండో అంతస్తు దగ్గర తప్పింది. అది తప్పుతుందని నాకు తెలుసు, ఎదురుచూస్తూనే ఎక్కాను కాబట్టి తప్పకుండా ఉండదు. కూర్చుందామనుకున్నాను. మోకాళ్లు వంగాయి కూడా. అప్పుడు నీ మగ్గం గుర్తొచ్చింది. పేక తప్పితే ఆపాలన్నావు, ఆపకపోతే తానంతా పాడవుతుందన్నావు. మగ్గానికి అది సరే. దానికి తెగిన దారాన్ని తనంతట తాను అతుక్కోవడం చేతకాదు, అందుకే పక్కన మనిషి నిలబడాలి. గుండె పక్కన మనిషి అక్కర్లేదు. తప్పిందని నేను అనుకునేలోపే అది తర్వాతి దెబ్బ కొట్టేసింది. నేను ఆపేలోపే అదే సర్దుకుంది. నేను నిలబడి ఏం చేయాలి? ఏమీ లేదు. డాక్టరు అన్నమాట కూడా అదే.

అలా అని నాకు ధైర్యం వచ్చేసిందనుకోకు. చెమటలు పట్టాయి. నాలుగో అంతస్తులో గోడకు ఆనుకున్నాను, మణికట్టు పట్టుకోకుండా చేతులు కట్టుకున్నాను. ఒక గుమాస్తా అటు వెళ్తూ "కాలు తగ్గిందా అమ్మా?" అని అడిగాడు. తగ్గిందన్నాను. అక్కణ్నుంచి పైకి వెళ్లలేదు, దిగివచ్చేశాను. ఈ రోజు మళ్లీ వెళ్లాను. మళ్లీ తప్పింది. మళ్లీ ఎక్కాను. రేపు కూడా తప్పుతుంది.

నీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆ తప్పడం మానేదాకా ఆగి, తర్వాత మెట్లెక్కుదామని కూర్చుంటే నాలాగే లిఫ్టులో చేరాల్సి వస్తుంది. దాన్ని ఎగరనిచ్చి ఎక్కు. మెల్లగా ఎక్కు, అలిసిపోతే అందరిలాగే ఆయాసం తీర్చుకో. ఆయాసానికి ఆగడం వేరు, భయానికి ఆగడం వేరు. తేడా లోపల నీకే తెలుస్తుంది.

ఇంకో మాట. ఎక్కే ముందు వాళ్లకు నిజం చెప్పు. పరీక్షల సంగతి దాచిపెట్టానని నీ నోటితో చెప్పు. తిడతారు. తిట్టనీ. నువ్వు తిడితే ఎంతమంది పడి ఊరుకున్నారో లెక్క వేసుకో.

లిఫ్టు గంట మోగుతోంది. మోగనీ, కాసేపు.

అక్క


షెడ్డు వెనక గది

అక్కా,

చెప్పాను. గేటు బయట అందరినీ నిలబెట్టి చెప్పాను. పరీక్షలు ముందే చేశారని, అన్నీ సవ్యంగానే వచ్చాయని, అది రాయకుండా దాచానని. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకాయన చొక్కా పట్టుకున్నాడు. "మా ఇంట్లో వారాల తరబడి ఏడుపులు తెలుసా నీకు?" అన్నాడు. తెలియదన్నాను. వదిలేశాడు. ఇద్దరు ముగ్గురు నాతో ఇప్పటికీ మాట్లాడడం లేదు, మాట్లాడకపోవడమే న్యాయం.

కండెలత్త మాత్రం "అంటే డాక్టరు రాసింది నిజమేనా, నాకు ఏమీ లేదా? నిజంగానే లేదా?" అని మూడుసార్లు అడిగింది. మాత్ర వేసుకుంటే చాలన్నాను. "మరి ఇన్నాళ్ల నుంచీ మెట్టు దిగాలంటే గోడ పట్టుకుంటున్నానే, నీ మొహం మండ" అంది. గొంతు మళ్లీ మగ్గాలకన్నా గట్టిగా వచ్చింది. నాకు ఎంత సంతోషమేసిందో.

ఏం చేయాలన్నది మాత్రం ఆవిడే తేల్చింది. "మెట్లెక్కి కూలబడ్డవాణ్ణి చూశానంటాడు కదా ఆయన. అయితే మెట్లెక్కినవాళ్లను కూడా చూస్తాడు. పదండి, అందరం పైకే వెళ్లి అడుగుదాం" అంది. ముందు అందరూ నవ్వారు. తర్వాత నవ్వలేదు. నా చొక్కా పట్టుకున్నాయన "వీడు ముందుంటేనే నేనొస్తాను" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. సరేనన్నాను. అన్నప్పుడు గుండె ఒకసారి తప్పింది. చెయ్యి జేబులోనే ఉంచాను.

ఆ రోజు నా వెనక వాళ్లుంటారు. సగంలో కూర్చుంటే ఈసారి కూలబడేది నేనొక్కణ్ణే కాదు, వాళ్ల పనీ నాతో పాటు అక్కడే కూలబడుతుంది. అది నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. భయంగానే ఉంది. నిన్న సాయంత్రం వీధి చివర వంతెన మెట్లు ఎక్కి దిగాను. తప్పింది. ఎక్కాను. ఇంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కొత్త కరపత్రం ఇదిగో, అచ్చువేయించక ముందే పంపుతున్నాను. తప్పులుంటే దిద్దు, కానీ తొందరగా పంపు; అది రాగానే అచ్చువేయించి పంచి, మర్నాడే ఎక్కుతాం. నువ్వు రావాలని రాయను. నీ మెట్లు నీకున్నాయి.

*

మగ్గాల షెడ్డు తోటివారికి

పోయిన కరపత్రంలో మన గుండెలు పాడయ్యాయని రాశాను. అది అబద్ధం. రాసింది నేను. నాకు పరీక్షలు చేశారు, బాగున్నాయన్నారు, ఆ సంగతి మీకు చెప్పలేదు. భయపడ్డాను, నా భయాన్ని మీ చేత మోయించాను. ఆ తప్పు నాది, మగ్గాలది కాదు.

ఆ అబద్ధాన్ని పట్టుకుని మనల్ని పనిలోంచి తీసేసింది యజమాని. ఆ తప్పు ఆయనది.

డాక్టరు ఒక్కొక్కరినీ చూసి రాసిచ్చాడు. ఆ కాగితాలు చాలవన్నారు. మనం అడిగేది రెండే. గేటు బయట నిలబెట్టినవాళ్లను లోపలికి తీసుకోవాలి. వారానికోసారి పగలూ రాత్రీ తారుమారు చేయడం మానాలి. మనిషికి నిద్ర కావాలి. నిద్ర కావాలనడం జబ్బు కాదు.

ఈ మాట చెప్పడానికి యజమాని గదికి వెళ్తున్నాం. పైకి పోవడానికి మెట్లు తప్ప దారి లేదు. మెల్లగా ఎక్కుదాం. ఎవరికైనా ఆయాసమొస్తే అందరం ఆగుదాం. ఎవరికైనా గుండె ఎగిరితే ఎగరనిద్దాం. చెయ్యి మణికట్టు మీద కాదు, ఇనుప కమ్మీ మీద ఉంచుదాం. నేను ముందు నడుస్తాను.

రేపు ఉదయం ఎనిమిది గంటలకు, పని మారే వేళ, ఇనుప మెట్ల మొదట్లో అందరూ కలవండి.